డెకార్ట్ 1637 నాటి పుస్తకాన్ని స్కేలు, గాజు దిమ్మె, నీళ్ల ఫ్లాస్కుతో చదవడం ఎలా

రెనే డెకార్ట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది "ఆలోచిస్తున్నాను, కాబట్టి ఉన్నాను" అన్న ఒక్క మాటే. ఆ మాట ఉన్న 'పద్ధతి గురించిన ప్రసంగం' 1637లో హాలండ్‌లోని లైడెన్‌లో, రచయిత పేరు లేకుండా అచ్చయింది. నిజానికి అది ఒక ముందుమాట. దాని వెనకాల మూడు పెద్ద వ్యాసాలున్నాయి: కాంతి, కటకాల గురించి ఒకటి (డయోప్ట్రిక్), మబ్బులు, మంచు, ఇంద్రధనుస్సు గురించి ఒకటి (మెతెయోర్), చివరగా జ్యామితి. పద్ధతి అంటే ఏమిటో ముందుమాట చెబుతుంది, పద్ధతి పనిచేస్తుందా లేదా అన్నది ఆ మూడు వ్యాసాలు చూపించాలి. మనం మాత్రం విస్తరి ముందు కూర్చుని ఊరగాయ నాకి లేచిపోతున్నాం.

ఆ మూడింటినీ కూర్చుని చదవడం కష్టం, చేసి చూడడం తేలిక. ఆయన కావాలనే చాలా మెట్లు వదిలేశాడు. చెప్పినవాటికే కాదు, కనిపెట్టే ఆనందం మీకుండాలని చెప్పకుండా వదిలేసినవాటికి కూడా ముందుతరాలు తనకు కృతజ్ఞత చెప్పుకుంటాయని జ్యామితి చివరి వాక్యంలో రాసుకున్నాడు. కొంచెం పొగరే. కానీ పెన్సిలు పట్టుకుంటే ఆ మెట్లు వాటంతటవే దొరుకుతాయి.

ముందు సర్దుకోవాల్సినవి

ఏ4 తెల్లకాగితాలు (గ్రాఫు కాగితం వద్దు, గళ్లు చూసి చెయ్యి మోసపోతుంది), 0.5 మి.మీ. పెన్సిలు, 30 సెం.మీ. స్కేలు, మర బిగువుగా ఉన్న వృత్తలేఖిని, రెండు మూలమట్టాలు, కోణమానిని. కాంతి పనికి దీర్ఘచతురస్రాకారపు గాజు దిమ్మె, 4 గుండుసూదులు, సూది దిగేలా మెత్తటి అట్ట. ఇంద్రధనుస్సుకు 500 మి.లీ. గుండ్రటి అడుగున్న గాజు ఫ్లాస్కు. సైన్సు పరికరాల దుకాణంలో దొరుకుతుంది. సైన్ బటన్ ఉన్న క్యాలిక్యులేటర్ ఒకటి. చివరి మెట్టుకు క్యారమ్ బోర్డు.

జ్యామితికి ఒక సాయంత్రం, గాజు దిమ్మెకు రెండు గంటలు చాలు. ఇంద్రధనుస్సుకు మాత్రం ఎండ కాసే పొద్దులు రెండు మూడు కేటాయించుకోండి.

మొదటి మెట్టు: రెండు పొడవులను గుణిస్తే పొడవే రావాలి

డెకార్ట్‌కు ముందు యూరప్ గణితంలో ఒక అడ్డంకి ఉండేది. రెండు పొడవుల లబ్ధం అంటే వైశాల్యం, మూడింటిది ఘనపరిమాణం, నాలుగింటికి అర్థమే లేదు. వైశాల్యానికి పొడవును కలపకూడదు. దీన్ని ఆయన ఒకే ఒక్క గీతతో దాటాడు. ముందుగా మనకిష్టమైన ఒక పొడవును 'ఒకటి' అనుకుంటాం, అంతే.

ఇలా గీయండి. 'క' దగ్గర నుంచి 55 డిగ్రీల కోణంలో రెండు గీతలు. కింది గీత మీద 2 సెం.మీ. దూరంలో 'ఖ' పెట్టండి. ఇదే మన ఒకటి. అదే గీత మీద 5 సెం.మీ. దూరంలో 'గ' (అంటే 2.5). పై గీత మీద 6 సెం.మీ. దూరంలో 'చ' (అంటే 3). ఖ, చ లను కలపండి. ఒక మూలమట్టాన్ని ఆ గీతకు ఆనించి, రెండోదాన్ని దానికి ఆనుగా గట్టిగా పట్టుకుని, మొదటిదాన్ని జరుపుకుంటూ 'గ' మీదుగా సమాంతర రేఖ గీయండి. అది పై గీతను తాకిన చోటు 'జ'. కజ కొలవండి. 15 సెం.మీ. రావాలి, అంటే మన లెక్కలో 7.5. రెండున్నర మూళ్లు ఏడున్నర.

ఇప్పుడు అసలు చూడాల్సింది. గ, చ లను కదపకుండా, ఒకటి అంటే 4 సెం.మీ. అనుకుని మళ్లీ గీయండి. ఈసారి కజ 7.5 సెం.మీ.కే ఆగిపోతుంది. అవే రెండు గీతలు, లబ్ధం సగమైపోయింది. లబ్ధం ఆ గీతల్లో లేదు, మనం దేన్ని ఒకటి అనుకున్నామో దాంట్లో ఉంది. ఇది చెయ్యితో తెలిసినంత బాగా చదివితే తెలియదు.

తప్పులు ఇక్కడే ఎక్కువ దొర్లుతాయి. ఒకటిని 1 సెం.మీ. పెట్టుకుంటే, అర మిల్లీమీటరు పొరపాటు లబ్ధంలో 5 శాతం అవుతుంది. 2 సెం.మీ. అయితే రెండున్నర శాతం. అందుకే ఒకటి ఎంత పెద్దదైతే అంత మంచిది, కాగితం సరిపోయినంతవరకు. రెండు గీతల మధ్య కోణం 30 డిగ్రీల లోపుంటే సమాంతర రేఖ పై గీతను ఏటవాలుగా ఒరుసుకుంటూ పోతుంది, ఎక్కడ తాకిందో తేలదు.

వర్గమూలానికి పని ఇంకా తక్కువ. ఒకటి 2 సెం.మీ. అనుకుంటే, 5 అంటే 10 సెం.మీ. రెంటినీ ఒకే గీత మీద పక్కపక్కన పెట్టండి, మొత్తం 12 సెం.మీ. దాని మీద 6 సెం.మీ. వ్యాసార్థంతో అర్ధవృత్తం. రెండు ముక్కలు కలిసిన చోటు నుంచి నిటారుగా గీసిన గీత వృత్తాన్ని తాకేదాకా ఉన్న పొడవు 4.47 సెం.మీ. దాన్ని 2తో భాగిస్తే 2.236. ఐదు వర్గమూలం అదే.

రెండో మెట్టు: సమీకరణాన్ని గీసి సాధించడం

తెలియనిదాన్ని 'య' అందాం. మన పాత బీజగణితంలో అవ్యక్తానికి 'యావత్‌తావత్' అని పేరుపెట్టి 'యా' అనే అక్షరంతో రాసేవారు కాబట్టి ఈ అక్షరం పరాయిది కాదు. తెలియనివాటికి అక్షరమాల చివరి అక్షరాలు, తెలిసినవాటికి మొదటి అక్షరాలు అన్న యూరప్ అలవాటు మాత్రం ఈ 1637 పుస్తకంతోనే స్థిరపడింది.

సమీకరణం: య² = 6య + 16. ఇందులో 6 సగం 3, 16 వర్గమూలం 4. 'న' నుంచి 'ల' దాకా 3 సెం.మీ., 'ల' దగ్గర లంబకోణంలో 'మ' దాకా 4 సెం.మీ. గీయండి. మ, న లను కలిపితే 5. ఇప్పుడు 'న' కేంద్రంగా 3 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, ఆ మ–న గీతను 'న' దాటించి వృత్తాన్ని మళ్లీ తాకేదాకా పొడిగించండి. 'మ' నుంచి ఆ దూరపు చివర దాకా 8 సెం.మీ. అదే య. సరిచూస్తే 64 = 48 + 16.

అదే బొమ్మలో వృత్తం ఆ మ–న గీతను మొదట కోసిన చోటు 'మ'కు 2 సెం.మీ. దూరంలో ఉంటుంది. అది య² = −6య + 16 కు జవాబు. మొదటి సమీకరణానికి −2 కూడా మూలమే కదా అని మీకు అనిపించాలి. డెకార్ట్ అలాంటివాటిని 'అబద్ధపు మూలాలు' అన్నాడు. వాటిని లెక్కలోకి తీసుకున్నాడు కానీ పీట వేసి కూర్చోబెట్టలేదు.

మూడో రకం అన్నిటికంటే సరదాగా ఉంటుంది: య² = 10య − 16. నల = 5 సెం.మీ., లమ = 4 సెం.మీ. నిటారుగా. 'మ' నుంచి నలకు సమాంతరంగా, 'న' ఉన్న వైపే ఒక పొడవాటి గీత గీయండి. 'న' కేంద్రంగా 'ల' గుండా వృత్తం గీస్తే ఆ గీతను రెండు చోట్ల కోస్తుంది, 'మ' నుంచి 2 సెం.మీ., 8 సెం.మీ. దూరాల్లో. రెండూ జవాబులే. ఇప్పుడు 16 బదులు 36 పెట్టి చూడండి. లమ 6 సెం.మీ. అవుతుంది, వృత్తం వ్యాసార్థం 5 దగ్గరే ఉండిపోతుంది, గీత దాకా అందదు. సమీకరణానికి జవాబు లేదని సూత్రం చెబితే నమ్మడం వేరు, వృత్తం ఒక సెంటీమీటరు దూరంలో ఆగిపోవడం కళ్లారా చూడడం వేరు. ఇలాంటి మూలాలకు 'ఊహాజనితం' అన్న పేరు పెట్టింది కూడా ఈ పుస్తకమే, మూడో భాగంలో.

ఒరిజినల్ పేజీలు చూడాలనుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఘాతాంకాలు మనలాగే పైన చిన్నగా రాస్తాడు, కానీ వర్గాన్ని తరచు అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన రాసి చూపిస్తాడు. సమానం గుర్తు మనం వాడేది కాదు. ఎదురు పేజీలో ఫ్రెంచి ముద్రణ ఉన్న 1925 నాటి ఇంగ్లిషు అనువాదం చేతిలో ఉంటే ఈ తికమక తీరిపోతుంది.

మూడో మెట్టు: వెలుగు ఎంత వంగుతుంది

కాంతి గాలి నుంచి నీళ్లలోకి, గాజులోకి వెళ్లేటప్పుడు వంగుతుందని పూర్వం నుంచీ తెలుసు. ఎంత వంగుతుందన్నదే చిక్కు. 984 ప్రాంతంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సహల్, తరవాత ఇంగ్లండ్‌లో హారియట్, 1621లో లైడెన్‌లో స్నెల్ ఈ నియమాన్ని పట్టుకున్నారు. యూరప్‌లో అచ్చులో మొదట ప్రకటించింది మాత్రం డెకార్ట్.

అట్ట మీద కాగితం పరిచి, మధ్యలో గాజు దిమ్మె పెట్టి, చుట్టూ సన్నగా గీత గీయండి. దిమ్మె తీసేసి, పొడవాటి అంచు మీద ఒక బిందువు దగ్గర లంబం గీయండి. లంబానికి 30 డిగ్రీల్లో ఒక గీత గీసి, దాని మీద రెండు సూదులు గుచ్చండి, మధ్య దూరం 5 సెం.మీ.కు తగ్గకుండా. దిమ్మెను దాని చోట పెట్టి, అవతలి వైపు నుంచి గాజు లోంచి చూస్తూ, ఆ రెండు సూదులతో ఒకే వరసలో కనిపించేలా ఇంకో రెండు గుచ్చండి. సూదుల తలలు చూడకండి, అవి ఎప్పుడూ కాస్త వంకరగా ఉంటాయి. కాగితంలో దిగిన మొదళ్లు చూడండి. దిమ్మె తీసేసి చివరి రెండు సూదుల గీతను దిమ్మె అంచు దాకా లాగి, కాంతి లోపలికి పోయిన బిందువుతో కలపండి. గాజులో కాంతి నడిచిన దారి అదే.

ఇక్కడ కోణమానిని పక్కన పెట్టండి. కాంతి దూరిన బిందువు కేంద్రంగా 10 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. బయటి కిరణం, లోపలి కిరణం (అవసరమైతే కాగితం మీద పొడిగించి) వృత్తాన్ని తాకిన చోట్ల నుంచి లంబం దాకా అడ్డంగా కొలవండి. సైన్ అంటే ఈ పొడవే. డెకార్ట్ చూసింది కూడా కోణాలను కాదు, ఇలాంటి పొడవుల నిష్పత్తిని.

సాధారణ గాజుకు దగ్గరదగ్గర ఇలా వస్తాయి. 30 డిగ్రీలకు 5.0 సెం.మీ., 3.33 సెం.మీ. 45కు 7.07, 4.71. 60కి 8.66, 5.77. ఏది భాగించినా 1.5 చుట్టూనే. కోణాలనే భాగిస్తే ఏమవుతుందో కూడా చూడండి. 30కి 19.5 డిగ్రీలు, నిష్పత్తి 1.54. 45కు 28.1, నిష్పత్తి 1.60. 60కి 35.3, నిష్పత్తి 1.70. కోణాల వెంట పోయినవాళ్లందరికీ దారి తప్పింది ఈ జారుడులోనే.

60 డిగ్రీల దగ్గర 1.4 లేదా 1.6 వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: రెండోసారి పెట్టేటప్పుడు దిమ్మె ఒక మిల్లీమీటరు జరిగి ఉంటుంది. దిమ్మె అంచులు అరిగి గుండ్రంగా ఉన్నా గీత లోపలికో బయటికో పడుతుంది.

నియమం సరైనదే, దానికి ఆయన చెప్పిన కారణం మాత్రం తలకిందులు. బంతి గుడ్డను చించుకుపోయే ఉపమానం తెచ్చి, గాజు, నీరు వంటి వాటిలో కాంతి గాలిలోకంటే సులువుగా సాగిపోతుందన్నాడు. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఒప్పుకోలేదు. కాంతి అతి తక్కువ సమయం పట్టే దారిలో పోతుందని, దట్టమైన పదార్థంలో నెమ్మదిస్తుందని అనుకుని 1662లో అదే నియమాన్ని రాబట్టాడు. నీటిలో కాంతి నెమ్మదిస్తుందని ప్రయోగంతో తేలింది 1850లో. అంటే తప్పు కారణంతో వచ్చిన సరైన నియమం రెండు వందల ఏళ్లు నిక్షేపంగా పనిచేసింది.

ఒక చిన్న దారపు పని

తోటమాలులు పూలమడికి కోడిగుడ్డు ఆకారం గీసే ఉపాయాన్ని డెకార్ట్ కటకాలకు వాడాడు. 10 సెం.మీ. దూరంలో రెండు సూదులు గుచ్చండి. సాగని దారాన్ని ముడివేశాక చుట్టుకొలత సరిగ్గా 25 సెం.మీ. ఉండేలా వలయం చేయండి. దాన్ని సూదుల చుట్టూ వేసి, పెన్సిలుతో బిగువుగా లాగుతూ చుట్టూ గీస్తే దీర్ఘవృత్తం వస్తుంది, పొడవు 15 సెం.మీ. 15ను 10తో భాగిస్తే 1.5, అంటే గాజు నిష్పత్తే. ఈ ఆకారంలో గాజు ఉంటే, పొడవు వెంట సమాంతరంగా వచ్చిన కిరణాలన్నీ అవతలి సూది దగ్గరే కలుస్తాయి. నమ్మకం కుదరకపోతే బొమ్మ నడినెత్తి నుంచి అవతలి సూదికి గీత గీసి, నిట్టనిలువుతో ఎంత కోణమో కొలవండి. 42 డిగ్రీలకు కొంచెం తక్కువ, 41.8 వస్తుంది. 1.5ను తలకిందులు చేస్తే వచ్చే 0.667 ఆ కోణానికే సైన్. (తరవాతి మెట్టులో ఇంద్రధనుస్సుకు కూడా 42 డిగ్రీలే వస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. కాకతాళీయం.)

దారం నైలాన్‌దైతే సాగుతుంది, నూలుదారం వాడండి. డెకార్ట్ ఇలాంటి వంపులతో కటకాలు సానబట్టించాలని యంత్రం గీసి, ఫెర్రియే అనే పనివాడితో ఉత్తరాలు నడిపాడు. కాగితం మీద కుదిరినది సానరాయి మీద కుదరలేదు.

నాలుగో మెట్టు: ఇంద్రధనుస్సును దండెం మీద వేలాడదీయడం

మూడు వ్యాసాల్లో ఏది చేయాలంటే మేం మాత్రం ఇదే అంటాం. వాన చినుకు చిన్నది, చేతికి దొరకదు. కానీ చినుకు పరిమాణానికీ ధనుస్సు కోణానికీ సంబంధం లేదు కాబట్టి పెద్ద చినుకు చేసుకోవచ్చు, అంటే నీళ్లు నింపిన గాజు బుడ్డి. ఈ ఉపాయం 14వ శతాబ్దం మొదట్లోనే పర్షియాలో కమాలుద్దీన్ అల్ ఫారిసీ, జర్మనీలో థియొడోరిక్ విడివిడిగా చేశారు. డెకార్ట్ దానికి లెక్క జోడించాడు.

ముందు ఒక హెచ్చరిక. నీళ్లు నింపిన ఫ్లాస్కు బలమైన భూతద్దం. 10 సెం.మీ. వెడల్పు ఫ్లాస్కుకు వెనకాల దాదాపు 5 సెం.మీ. దూరంలో ఎండ ఒక చుక్కగా చేరుతుంది. ఎండుగడ్డి, కాగితం, ప్లాస్టిక్ దగ్గర ఉంచొద్దు. పని అయ్యాక నీళ్లు పారబోయండి, కిటికీలో వదిలేయొద్దు.

ఫ్లాస్కు మెడకు గట్టి తాడును రెండు చుట్లు కట్టి, బట్టల దండెం మీంచి వేసి, రెండో కొస ఒకరి చేతికివ్వండి. నీళ్లతో కలిపి అర కిలో పైనే ఉంటుంది, ఒంటి ముడి నమ్మొద్దు. వెనక చెట్టో ముదురు రంగు గోడో ఉండాలి. వీపును ఎండకు పెట్టి, ఫ్లాస్కు నుంచి అడ్డంగా 3 మీటర్ల దూరంలో కుర్చీలో కూర్చోండి. ఫ్లాస్కు సరిగ్గా మీ తల నీడ పడ్డ దిక్కులోనే ఉండాలి, పక్కకు ఉంటే లెక్క మారుతుంది.

తెలుగునాట పొద్దు పొడిచిన గంటన్నరకు సూర్యుడు సుమారు 20 డిగ్రీల ఎత్తుకొస్తాడు. కచ్చితంగా కావాలంటే ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి నీడ కొలవండి. నీడ 2.75 మీటర్లుంటే 20 డిగ్రీలు. ఫ్లాస్కులో మనం వెతికే ఎర్రచుక్క మీ తల నీడ దిక్కు నుంచి 42 డిగ్రీల పైన వస్తుంది (ఎందుకో తరవాత లెక్కలో చూద్దాం), కాబట్టి అప్పుడది కంటి మట్టం నుంచి 42 − 20 = 22 డిగ్రీల ఎత్తులో కనపడాలి. 3 మీటర్ల దూరానికి అది 1.21 మీటర్లు. పొద్దెక్కేకొద్దీ ఆ ఎత్తు తగ్గిపోతుంది, నాలుగు నిమిషాలకు దాదాపు ఒక డిగ్రీ. అందుకే నీడ కొలత, ఫ్లాస్కు కొలత వెంటవెంటనే తీసుకోండి.

తాడు లాగేవారిని ఫ్లాస్కును బాగా పైకెత్తి నెమ్మదిగా దించమనండి. మొదట ఏమీ ఉండదు. ఒక ఎత్తు దగ్గర బుడ్డి అడుగువైపు అంచు దగ్గర నిప్పుకణికలా ఎర్రచుక్క భగ్గుమంటుంది. ఇంకొంచెం దించితే అదే చోట పసుపు, ఆకుపచ్చ, నీలం వరసగా వెళ్లి వెలిసిపోతాయి. ఆకాశంలో వేల చినుకులు ఒక్కసారిగా చూపేదాన్ని ఒకే చినుకు ఒకదాని తరవాత ఒకటి చూపిస్తోందన్నమాట. కొలిచేటప్పుడు బుడ్డి మధ్యను కాకుండా చుక్కను పట్టుకోండి. చుక్క మధ్య నుంచి 4.5 సెం.మీ. కింద ఉంటుంది, ఆ తేడా ఒక్కటే దాదాపు ఒక డిగ్రీ. 52 డిగ్రీల దగ్గర ఇంకో చుక్క, చాలా మసకగా, ఈసారి బుడ్డి పైఅంచు దగ్గర దొరుకుతుంది. అది రెండో ధనుస్సు. దాన్ని చూడడానికి ఓపిక కావాలి.

ఇప్పుడు డెకార్ట్ చేసిన తెలివైన పని. చిన్న నల్లకాగితం ముక్కను తడిపి బుడ్డి మీద ఒక్కోచోట అంటించి చూడండి. ఎండ వైపు పైభాగంలో పెడితే ఎర్రచుక్క ఆరిపోతుంది. బుడ్డి వెనక గోడ మీద ఒకచోట పెట్టినా, కింద చుక్క ఉన్న చోట పెట్టినా అంతే. మిగతా ఎక్కడ పెట్టినా చుక్క చెక్కుచెదరదు. కాంతి నడిచే దారి ఇలా దొరికిపోతుంది: పైన దూరి వంగుతుంది, వెనక గోడకు తగిలి తిరుగుతుంది, కింద బయటికొస్తూ మళ్లీ వంగుతుంది.

ఇప్పుడు లెక్క: 42 ఎందుకు?

కిరణాలు బుడ్డి మధ్యగీత నుంచి రకరకాల దూరాల్లో దూరతాయి. ఒక్కోటి ఒక్కో కోణంలో బయటికొస్తుంది. మరి 42 దగ్గరే ఎందుకు భగ్గుమనాలి? డెకార్ట్ నీటికి 250కి 187 నిష్పత్తి తీసుకుని, వ్యాసార్థాన్ని 10,000 భాగాలు చేసి, ఒక్కో కిరణానికీ చేత్తో లెక్క కట్టాడు. మనకు క్యాలిక్యులేటర్ ఉంది.

వ్యాసార్థం 1 అనుకుని, కిరణం దూరాన్ని 'ద' అనండి. సైన్ విలువ 'ద' అయ్యే కోణం మొదటిది. సైన్ విలువ 0.748 × ద అయ్యే కోణం రెండోది (0.748 అంటే 187ను 250తో భాగిస్తే వచ్చేది). రెండోదాని నాలుగు రెట్ల నుంచి మొదటిదాని రెండు రెట్లు తీసేయండి. కిరణం మీ తల నీడ దిక్కు నుంచి ఎన్ని డిగ్రీల పక్కన కనపడుతుందో అదే. క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో ముందు చూసుకోండి. సైన్ 30 కొడితే 0.5 రాకపోతే రేడియన్లలో ఉన్నట్టు.

ద = 0.5 అయితే 27°51′
ద = 0.6 అయితే 32°56′
ద = 0.7 అయితే 37°27′
ద = 0.8 అయితే 40°46′
ద = 0.86 అయితే 41°31′
ద = 0.9 అయితే 40°57′
ద = 0.95 అయితే 37°31′
ద = 1 అయితే 13°40′

0.5 నుంచి 0.6కు కోణం అయిదు డిగ్రీలు దూకింది. 0.8 నుంచి 0.9 దాకా ఉన్న కిరణాలన్నీ ఒక డిగ్రీ కూడా లేని సందులో కిక్కిరిశాయి. ఎక్కువ కిరణాలు ఒకే దిక్కుకు వస్తే అక్కడ వెలుగు. 41°31′ దాటి ఏ కిరణమూ రాదు, అందుకే ధనుస్సు బయట చీకటి పట్టీ. డెకార్ట్ తన పట్టికలో 41°30′ చూసి, సూర్యబింబం సగం వెడల్పు 17′ కలిపి 41°47′ అన్నాడు. అంతకుముందు ఇటలీ గణితజ్ఞుడు మౌరొలికో రెండు ధనుస్సులకూ 45, 56 డిగ్రీలు అని కొలిచిన సంగతి ఎత్తి, కారణం తెలియని కొలతను నమ్మలేమని చురక వేశాడు.

రెండో ధనుస్సుకు సూత్రం మారుతుంది: 180కి మొదటి కోణం రెండు రెట్లు కలిపి, రెండోదాని ఆరు రెట్లు తీసేయండి. ద = 0.95 పెడితే 51°54′. ఈసారి అది గరిష్ఠం కాదు, కనిష్ఠం. అటూ ఇటూ రెండు మూడు విలువలు వేసి చూడండి.

మీ పట్టికలో లేనిది రంగు. ఒకే నిష్పత్తితో ఒకే కోణం వస్తుంది, ఏడు రంగులెక్కడివి? కాంతి కణికలు గిరగిరా తిరిగే వేగంలో తేడా అన్నాడు డెకార్ట్. అది నిలవలేదు. ఒక్కో రంగు ఒక్కో నిష్పత్తిలో వంగుతుందని న్యూటన్ 1672లో ప్రకటించాక గానీ ఖాళీ పూడలేదు. ఎరుపుకు నిష్పత్తి 1.331 పెడితే (అంటే 0.748 బదులు 1 ÷ 1.331) గరిష్ఠం 42.4, ఊదాకు 1.343 పెడితే 40.6. ధనుస్సు వెడల్పు ఆ రెండు డిగ్రీల తేడాలో ఉంది.

అయిదో మెట్టు: చెయ్యి పెట్టకుండా రాసిన నియమాలు

1644లో వచ్చిన 'తత్వశాస్త్ర సూత్రాలు' రెండో భాగంలో వస్తువులు ఢీకొంటే ఏమవుతుందో ఏడు నియమాలు రాశాడు. ఫ్లాస్కు పట్టుకున్న మనిషే ఇది రాశాడంటే నమ్మబుద్ధి కాదు. నాలుగో నియమం: కదలకుండా ఉన్న పెద్ద వస్తువును చిన్నది ఎంత వేగంతో కొట్టినా కదపలేదు, అదే వేగంతో వెనక్కి వస్తుంది. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లి, మధ్యలో స్ట్రైకర్‌ను ఉంచి, మామూలు కాయిన్‌ను దాని మీదికి సూటిగా కొట్టండి. స్ట్రైకర్ కదులుతుంది. ఆరో నియమం: సమానమైన రెండింట్లో ఒకటి నిలిచి ఉండగా రెండోది 4 వేగంతో కొడితే, నిలిచినది 1 వేగంతో ముందుకు, కొట్టినది 3 వేగంతో వెనక్కి. రెండు కాయిన్లతో చేయండి. కొట్టినది దాదాపు అక్కడే ఆగిపోతుంది, తగిలినది ఆ ఊపంతా తీసుకుపోతుంది.

కాయిన్లు సూటిగా తగలకపోతే రెండూ చెరో పక్కకూ పోతాయి. అలాంటి దెబ్బ లెక్కలోకి తీసుకోకండి. బోర్డు రాపిడి వేగాన్ని తినేస్తుంది కాబట్టి దూరాలు కొలవకండి, కదిలిందా, ఆగిందా, వెనక్కి వచ్చిందా అన్నదే చూడండి. చుట్టూ ఉన్న గాలి, నీరు వంటివి లేకపోతేనే తన నియమాలు కనపడతాయని డెకార్ట్ ముందే ఒక తలుపు తెరిచిపెట్టుకున్నాడు. కానీ ఏ గాలీ స్ట్రైకర్‌ను నెట్టలేదు కదా.

తప్పెక్కడుందో కాగితం మీద రెండు నిమిషాల్లో తేలుతుంది. ఆయన పరిమాణాన్ని వేగంతో గుణించి మొత్తం మారదన్నాడు, దిక్కు వదిలేశాడు. ఆరో నియమంలో ముందు 4, తరవాత 1 + 3 = 4, బానే ఉంది. వెనక్కి పోయేదానికి తీసివేత గుర్తు పెట్టండి: 1 − 3 = −2. లెక్క చెడింది. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ఈ దిద్దుబాటుతో సరైన నియమాలను 1669లో అచ్చు వేయించాడు. ఏడింటికీ ఇలా గుర్తులు పెట్టి కూడండి. ఒకటోది (సమానమైన రెండు, సమాన వేగంతో ఎదురెదురుగా ఢీకొనేది) నిలుస్తుంది. పెద్దది చిన్నదాన్ని కొట్టి తనతోపాటు లాక్కుపోయే అయిదోది, బంకమట్టిలా అతుక్కునే వాటికైతే నిలుస్తుంది. ఏడోది సగం నిలుస్తుంది. మిగతా నాలుగూ పోతాయి.